మాటలాడని మిత్రుడు

ద్రోణుడు బాల్యస్నేహమును తలచి ద్రుపదుని సభకు పోగా, సమానులకే గాని రాజునకును దరిద్రునకును చెలిమి యెక్కడిదని యాతడు పరిహసించెను. భారతము చదువునప్పుడు మనమందఱము ద్రుపదుని నిందింతుము. కాని మన యిండ్లలో నేటికిని నడచుచున్నది ద్రుపదుని నీతియే. చదువునకు చదువు, హోదాకు హోదా, మాటకు మాట కుదిరినచోటనే మనకు స్నేహము కుదురుచున్నది.

ఈ నీతిని తన నడవడిచే త్రోసిపుచ్చిన యొక కథోలిక గురువును గూర్చి చదువరులతో ముచ్చటింప దలచితిమి. హెన్రీ నౌవెన్ 1932లో హాలెండు దేశమున జన్మించి, 1957లో గురుపట్టాభిషేకము పొందెను. అమెరికాలోని యేల్, హార్వర్డు విశ్వవిద్యాలయములలో బోధించి, అనేక గ్రంథములు వ్రాసి ప్రసిద్ధుడయ్యెను. ఆ పదవులను విడిచిన పిమ్మట, 1986లో కెనడాలో టొరాంటో నగర సమీపమునగల 'డేబ్రేక్' అను నివాసమున చేరెను. అచ్చట మనోవైకల్యము గలవారును, వారికి తోడ్పడువారును ఒక్క కుటుంబముగా కలిసి బ్రదుకుదురు.

అందు ఆడమ్ అను యువకుని యుదయపు పనులు నౌవెన్‌నకు అప్పగింపబడెను. ఆడమ్‌నకు మాట లేదు, తోడు లేక నడువలేడు, మూర్ఛరోగము కలదు. అతనిని లేపి, స్నానము చేయించి, బట్టలు తొడిగి, ఫలాహారము తినిపించుటకు రెండు గంటలు పట్టెడిది. నౌవెన్ మొదట భయపడెను. ఎన్నడైన తొందరపెట్టినచో ఆడమ్‌నకు మూర్ఛ వచ్చెడిది. నెమ్మదింపుమని తనకతడు చెప్పుచున్నట్లు నౌవెన్ గ్రహించెను. క్రమముగా నా రెండు గంటలే యాయనకు ప్రశాంతసమయమయ్యెను. ఇందుకొఱకా విశ్వవిద్యాలయమును విడిచితివని యొక మిత్రుడు ప్రశ్నించెను. అయినను మేలు పొందుచున్నది ఆడమ్ కాదు, తానే యని నౌవెన్ నమ్మకము. 1996 ఫిబ్రవరిలో ఆడమ్ మరణించెను. ఆ మిత్రుని చరిత్ర వ్రాయుచునే నౌవెన్ అదే సంవత్సరము సెప్టెంబరులో కన్నుమూసెను. గ్రంథము 1997లో వెలువడెను.

మా తండ్రిగారు పక్షవాతముచే మాట పోయి మంచమున నున్న మూడేండ్లును మా వదినెగారు గంజి త్రాగించుచు ఊరి సంగతులన్నియు వారికి చెప్పెడివారు. "బదులు పలుకని మనిషితో నీకీ మాటలెందుకమ్మా?" అని పొరుగామె యొకనాడడిగినది. "బదులు పలుకకున్న మామగారు కాకపోవుదురా?" అని మా వదినెగారు గిన్నె తీసికొని లోనికి పోయిరి. నౌవెన్ గ్రంథము చదువునప్పుడు మాకా మాటయే స్ఫురించినది. ఉపకారము చేయువాడు దయతలచి వంగును. స్నేహితుడు ప్రక్కన కూర్చుండును.

మన కుటుంబములలో నిట్టి బిడ్డలకు తిండికి లోటు చేయరు. కాని పెండ్లిచూపులనాడు వెనుకగదిలో దాచువారు కలరు. తోబుట్టువుల సంబంధము చెడునని భయము. మందులు ధనముచే దొరకును; పంక్తిలో చోటు మాత్రము ఇంటివారే యీయవలెను. కావున చుట్టములు వచ్చిననాడు ఆ తలుపు తీయుడు. బిడ్డను పేరు చెప్పి చూపుడు. అందఱితోపాటు విస్తరి వేయుడు. స్నానము, భోజనము, బట్టలు అను పనులు తల్లికో కోడలికో విడువక పురుషులును పంచుకొనుడు. విశ్వవిద్యాలయమున బోధించిన పండితునకు తగిన పని మనకు తగకపోవునా?