మాస్కు పెట్టుకుని మాక్‌బెత్ వెంట

నాటకానికి వెళ్తున్నామని పట్టుచీర బయటికి తీస్తే, "అది లోపల పెట్టెయ్ అత్తా, పరిగెత్తాల్సి ఉంటుంది, బూట్లు వేసుకో" అంది మా మేనకోడలు. నాటకం చూడటానికి పరుగెందుకే అంటే నవ్వింది గానీ చెప్పలేదు. ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద పెందలాడే దోసెలు తినేసి రైలెక్కాం. న్యూయార్క్‌లో పెన్ స్టేషన్ దగ్గర దిగి చెల్సీ దాకా నడక. హడ్సన్ నది మీంచి వచ్చే చలిగాలికి చెవులు మొద్దుబారిపోయాయి.

వెస్ట్ 27వ వీధి, 530 నంబరు. పోస్టర్లూ కటౌట్లూ వెతుక్కుంటున్నాను నేను. అక్కడున్నవి పాత గోదాములు. వాటిలో ఒకదాని ముందు జనం బారులు తీరి ఉన్నారు కాబట్టి నాటకం అందులోనే అనుకున్నాం. దాని పేరు మెక్‌కిట్రిక్ హోటల్. అది ఎన్నడూ హోటల్ కాదు. 1939లో కట్టారనీ, యుద్ధం రావడంతో తెరవకుండానే మూసేశారనీ చెప్పే చరిత్ర కూడా నాటకంవాళ్ళు అల్లిందే. పంచ్‌డ్రంక్ అనే బ్రిటిష్ బృందం 2011 మార్చిలో ఇక్కడ 'స్లీప్ నో మోర్' మొదలుపెట్టింది. కథ షేక్స్‌పియర్ మాక్‌బెత్‌ది, వేషాలు 1930ల నాటివి, సంగీతం హిచ్‌కాక్ సినిమాల్లోది. అంతస్తుల నిండా వంద దాకా గదులు. వాటిలో మనకు కుర్చీ మాత్రం ఉండదు.

కోట్లూ సంచులూ తీసేసుకుని చేతికి తలో పేకముక్క ఇచ్చారు. ఆ తర్వాత ఒక నడవా. గోడ తడుముకుంటూ నడవాల్సినంత చీకటి. మలుపు తర్వాత మలుపు తిరిగి ఒక్కసారిగా ఎర్రటి వెలుగులోకి వచ్చి పడ్డాం. వెల్వెట్ తెరలు, జాజ్ పాట, గ్లాసుల చప్పుడు. మాండర్లీ బార్ అట. మన పేకముక్క పిలిచేదాకా అక్కడే కూర్చుని తాగుతూ ఉండొచ్చు. మేనకోడలు అబ్సింత్ తెప్పించింది. నాకు మందు అలవాటు లేదు. వాసన చూస్తే సోంపు! ఇంతకీ అందులో వేసేది మన మాచిపత్రి జాతి మొక్కేనట. వినాయక చవితి పూజలో మొదట చదివే పత్రికి చుట్టం వాళ్ళ మందులో దినుసు అయింది చూడండి. అమెరికాలో అబ్సింత్‌ని 1912లో నిషేధించి 2007లో మళ్ళీ అమ్మనిచ్చారు. ఒక చుక్క నాలిక మీద వేసుకున్నాను. చేదు.

పిలుపు వచ్చాక తెల్లటి మాస్కులిచ్చారు. ముక్కు దగ్గర పొడుచుకొచ్చిన మాస్కు. కళ్ళజోడు మీద పెట్టుకోవడం నాకో యజ్ఞమే అయింది. లోపల మాట్లాడకూడదు, మాస్కు తీయకూడదు. ఇంతే నిబంధనలు. లిఫ్టులో సూటు వేసుకున్న కుర్రవాడు ఒక అంతస్తులో తలుపు తీశాడు. ముందు నిలబడ్డదాన్ని నేను దిగాను. నా వెనక టక్కున తలుపు మూసేశాడు. మేనకోడలు లోపలే ఉండిపోయింది. అది పొరపాటని కంగారుపడ్డాను గానీ, కలిసి వచ్చినవాళ్ళని విడగొట్టడమే అతని ఉద్యోగమని తర్వాత తెలిసింది.

నేను దిగింది ఆస్పత్రిలో. వరసగా ఇనప మంచాలు, ఇంకో గదిలో వరసగా స్నానపు తొట్లు, ఒక్క మనిషి లేడు. ఆ పక్కన ఎండుకొమ్మల అడవి. కింది అంతస్తులో ఏకంగా ఒక వీధే ఉంది. దర్జీ కొట్టు, చచ్చిన జంతువులకు దూది కుక్కే కొట్టు, డిటెక్టివ్ ఆఫీసు. సొరుగులు లాగొచ్చు, ఉత్తరాలు చదవొచ్చు, మందలించేవాళ్ళు లేరు. మిఠాయి కొట్టులో సీసాల్లో ఉన్నవి నిజం చాక్లెట్లే. ఇటూ అటూ చూసి రెండు నోట్లో వేసుకున్నాను.

అంతలో ఒక నటుడు చేతులనిండా నెత్తురుతో నా పక్కనుంచి దూసుకుపోయాడు, వెనకాల ముప్పైమంది తెల్ల మాస్కులు మెట్ల మీద దడదడా పరుగు! తేనెటీగల గుంపులా ఉన్నారు. బూట్లెందుకో అప్పుడు అర్థమైంది. నేనూ పరిగెత్తాను. అతను మాక్‌బెత్, భార్య అతన్ని తొట్టిలో కూర్చోబెట్టి నెత్తురు కడుగుతోంది, నేను మూరెడు దూరంలో నిలబడి చూస్తున్నాను. చిన్నప్పుడు సురభివాళ్ళ 'మాయాబజార్'లో మాయలు చూసి నోరు తెరిచినా మధ్యలో వేదిక ఉండేది. ఇక్కడ తొట్టిలో నీళ్ళు నా బూట్ల మీద పడ్డాయి.

మాటలు దాదాపు లేవు, అంతా నాట్యమే. ఒక గంట కథ అది. అయిపోగానే మళ్ళీ మొదటినుంచి ఆడతారు, అలా మూడుసార్లు. అయినా అన్నీ చూడలేం. ఒకరి వెంట వెళ్తే మిగతావాళ్ళ కథ మనకు దక్కదు. హోటల్ లాబీలో ఉండే పోర్టర్ ఎందుకంత దిగులుగా ఉన్నాడో తెలుసుకోవాలని కాసేపు అతని దగ్గరే నిలబడ్డాను, తేలలేదు. చివర్లో అందరినీ కింది హాల్లోకి తోలుకుపోతారు. పొడవాటి బల్ల ముందు పాత్రలన్నీ నెమ్మదిగా, కలలోలా కదులుతుండగా మాక్‌బెత్‌ని ఉరి తీస్తారు.

అసలు పజిల్ విడేది ఆ తర్వాతే, మళ్ళీ అదే బార్‌లో. మాస్కులు తీసేసినవాళ్ళంతా ఒకటే వాగుడు. నీకేం దొరికిందంటే నీకేం దొరికిందని! మా మేనకోడలి మొహం వెలిగిపోతోంది. ఒక నటి దాన్ని ఒక్కదాన్నే గదిలోకి లాగి తలుపేసి, మాస్కు తీసి చెవిలో ఏదో చెప్పిందట. నాకు ఒళ్ళు మండిపోయింది, నన్ను ఒక్కరూ లాగలేదు. పక్క బల్ల దగ్గర ఉన్నాయన ఈ నాటకానికి తరచూ వచ్చేవాడట. మాక్‌బెత్ రాజుని చంపిన పడకగది ఎక్కడో నాప్‌కిన్ మీద గీసి చూపించాడు. పోర్టర్ సంగతి అడిగాను. కథలోని ముగ్గురు మంత్రగత్తెల్లో ఒకరు ఇక్కడ మగవాడనీ, పోర్టర్ మనసు అతని మీదేననీ చెప్పాడు. మన నాటకాలకు వెళ్తే పద్యం బాగా పాడాడా లేదా అని వాదించుకుంటూ ఇంటికెళ్తాం. కథేమిటని ముక్కూ మొహం తెలియనివాళ్ళని అడగడం నాకిదే మొదలు. ఆఖరి రైలు తప్పుతుందని మేనకోడలు లాగినా నాకు లేవబుద్ధి కాలేదు.

న్యూయార్క్‌లో 2025 జనవరిలో ఈ నాటకం ఆపేశారు. షాంఘైలో మాత్రం 2016 డిసెంబరులో ఇలాంటి హోటలే తెరిచారు, 2025లో సియోల్‌లో ఒక పాత సినిమా హాల్లోనూ మొదలుపెట్టారు. అటువైపు వెళ్ళే పనుంటే చీర వద్దు, కళ్ళజోడు బదులు కాంటాక్ట్ లెన్సులు నయం. మీవాళ్ళ చెయ్యి లిఫ్టులోనే వదిలేయండి. మాక్‌బెత్ వెంట ఎలాగూ అందరూ పడతారు కాబట్టి, ఒంటరిగా కనబడ్డ చిన్న పాత్ర వెంట పడండి. చివర్లో బార్‌లో కూర్చోవడానికి తగినంత టైము అట్టేపెట్టుకోండి.