అంబేడ్కర్‌ను కూర్చోబెట్టావేంది బాబూ?

పోయిన ఏప్రిల్ 14న మా కాలేజీకి దగ్గర్లోని పల్లెలో జయంతి సభ జరిగింది. మా బీఏ సెకండియర్ అమ్మాయి అంబేడ్కర్ ఏకపాత్రాభినయం చేసింది. స్క్రిప్ట్ నాది. నీలం కోటు లేదు, కళ్ళజోడు లేదు, పైకెత్తిన చూపుడువేలు లేదు. ఒక ప్లాస్టిక్ కుర్చీ, అంతే. పన్నెండు నిమిషాలూ ఆ అమ్మాయి కూర్చునే ఉంది. చప్పట్లు పలచగా పడ్డాయి. స్టేజీ దిగి వస్తుంటే ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "అంబేడ్కర్‌ను కూర్చోబెట్టావేంది బాబూ?" అన్నాడు.

అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఆ కుర్చీ నా బుర్రలోకి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలంటే ముందు ఒక సినిమా సంగతి చెప్పాలి.

"ఎ హ్యూయీ పి. న్యూటన్ స్టోరీ". రోజర్ గ్వెన్వర్ స్మిత్ అనే నల్లజాతి నటుడు తనే రాసుకుని, తనొక్కడే ఆడిన నాటకం. 2001లో స్పైక్ లీ దాన్ని సినిమా తీశాడు. స్పైక్ లీ "డూ ది రైట్ థింగ్" చూసినవాళ్ళకి ఈ స్మిత్ గుర్తుండాలి. మాల్కం ఎక్స్, మార్టిన్ లూథర్ కింగ్ కలిసి ఉన్న ఫోటోలు వీధుల్లో అమ్ముకుంటూ తిరిగే నత్తి మనిషి స్మైలీ ఇతనే. అక్కడ నాయకుల బొమ్మలు అమ్మాడు, ఇక్కడ ఆ బొమ్మలోంచి మనిషిని బయటికి లాగాడు.

హ్యూయీ అంటే మనకు తెలిసింది ఒక్క పోస్టరే. నెమలి పురిలా వెనక విచ్చుకున్న పేము కుర్చీ, నల్ల టోపీ, తోలు జాకెట్, ఒక చేతిలో తుపాకీ, ఇంకో చేతిలో బల్లెం. మన హాస్టల్ గోడల మీద కూడా అంటించుకున్నాం. ఆ ఫోటోకి అలా కూర్చోబెట్టి ఏర్పాటు చేసింది ఎల్డ్రిడ్జ్ క్లీవర్. 1967లో ఒక పోలీసు చనిపోయిన కేసులో హ్యూయీ జైలుకు పోయాక, "ఫ్రీ హ్యూయీ" ఉద్యమమంతా ఆ బొమ్మను మోసుకుంటూ తిరిగింది. మనిషి జైల్లో ఉంటే బొమ్మ వీధుల్లో పెరిగింది. 1970 ఆగస్టులో ఆయన బయటికొచ్చేసరికి జనం ఎదురుచూస్తున్నది ఆ బొమ్మ కోసం. వచ్చినవాడిదేమో సన్నటి గొంతు. పెద్ద సభల్లో మాట్లాడటం ఆయనకు చేతకాదు, ఇష్టమూ లేదు. మాట్లాడితే ఉపన్యాసం క్లాసు పాఠంలా సాగేది.

సినిమాలో స్మిత్ చూపించింది ఆ వచ్చినవాణ్ణి. సాదా కుర్చీ, ముందొక మైకు, వేళ్ళ మధ్య సిగరెట్. ఒకటి ఆరకముందే ఇంకొకటి. మోకాలు ఆగకుండా ఊగుతుంటుంది. మాట మధ్యలో తెగుతుంది, దారి తప్పుతుంది, ఎక్కడో మళ్ళీ అందుకుంటుంది. నాటకం చూసేవాళ్ళకి ఆ మనిషి దూరంగా ఉంటాడు. కెమెరా ఆ దూరాన్ని తినేసింది. చెమట కనిపిస్తుంది, వేళ్ళ వణుకు కనిపిస్తుంది. స్పైక్ లీ మధ్యమధ్య పాత న్యూస్‌రీలు బొమ్మలు కలుపుతాడు. ఊరేగింపులు, బిగించిన పిడికిళ్ళు. ఆ పిడికిళ్ళకీ ఈ వణుకుతున్న వేళ్ళకీ మధ్య ఎంత దూరముందో చూస్తూ కూర్చుంటాం.

ఈ హ్యూయీది మనకు తెలిసిన కథే. ఏడుగురు పిల్లల్లో చివరివాడు. లూసియానా గవర్నర్‌గా చేసిన ఒక తెల్ల నాయకుడి పేరు పెట్టారు, మన పేటల్లో ఇందిర అనీ రామారావు అనీ పెట్టుకున్నట్టు. హైస్కూలు దాటేనాటికి సరిగ్గా చదవడం రాదు. డిక్షనరీ పక్కన పెట్టుకుని ప్లేటో "రిపబ్లిక్"తో కుస్తీపట్టి చదువు నేర్చుకున్నాడు. 1966లో బాబీ సీల్‌తో కలిసి బ్లాక్ పాంథర్ పార్టీ పెట్టాడు. తుపాకుల సంగతి అందరూ చెప్తారు. 1969 జనవరిలో ఓక్లాండ్ చర్చిలో పిల్లలకు ఉచితంగా టిఫిన్ పెట్టడం మొదలుపెట్టింది కూడా ఆ పార్టీయే. 1972లో బొంబాయిలో నామ్‌దేవ్ ఢసాల్, రాజా ఢాలే, జె.వి. పవార్ వాళ్ళు దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నది వీళ్ళను చూసే.

1980లో హ్యూయీకి కాలిఫోర్నియా యూనివర్సిటీ శాంతాక్రజ్‌లో పీహెచ్‌డీ వచ్చింది. టాపిక్, తన పార్టీ మీద ప్రభుత్వం సాగించిన అణచివేత. ఇది చదివినప్పుడు నా వైవా గుర్తొచ్చింది. "మీవాళ్ళ గురించి మీరే రాస్తే ఆబ్జెక్టివిటీ ఎక్కడుంటుందండీ?" అని ఒక ఎగ్జామినర్ నవ్వుతూ అడిగాడు. ప్రబంధాల మీద రాసిన ఏ శర్మగారినీ ఆ ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు. అప్పట్లో నాకు హ్యూయీ థీసిస్ సంగతి తెలియదు. తెలిసుంటే చెప్పేవాణ్ణి.

సినిమా నచ్చింది కదా అని కళ్ళు మూసుకోలేను. 1974లో ఓక్లాండ్ వీధిలో పదిహేడేళ్ళ అమ్మాయి తుపాకీ గుండుకి బలైంది. ఒళ్ళమ్ముకుని బతికే పిల్ల. కేసు హ్యూయీ మీద పెట్టారు. ఆయన క్యూబా వెళ్ళిపోయి 1977లో తిరిగొచ్చాడు. రెండుసార్లు విచారణ జరిగింది, రెండుసార్లూ జ్యూరీ ఒక మాట మీదికి రాలేదు, కేసు పోయింది. ఆయన లేని ఆ మూడేళ్ళూ పార్టీని నడిపింది ఎలేన్ బ్రౌన్ అనే మహిళ. ఒక్కడే మాట్లాడే నాటకంలో ఎదుటివాళ్ళకు నోరుండదు. నాయకుడి వణుకు ఎంత దగ్గరగా చూసినా అది ఆయన వణుకే. ఆ పిల్ల తరఫున మాట్లాడేందుకు స్టేజీ మీద రెండో కుర్చీ లేదు. సినిమాని మా స్టడీ సర్కిల్లో వేసినప్పుడు ఈ మాటంటే ఇద్దరు కుర్రాళ్ళు అలిగారు. అలగనివ్వండి.

ఇక మన సంగతి. ఏకపాత్రాభినయం అనగానే మన కాలేజీల్లో దుర్యోధనుడే. 1977లో "దానవీరశూరకర్ణ" వచ్చింది, ఇప్పటికీ యూత్ ఫెస్టివల్లో ఎవడో ఒకడు గద పట్టుకుని కులం గురించి గర్జిస్తాడు. గర్జించి కిందికి దిగొచ్చి మనవాణ్ణి "మీ ఇంటిపేరేంటి?" అని అడుగుతాడు. మనం కూడా అంబేడ్కర్‌ను అదే గొంతులో గర్జింపజేస్తున్నాం. నేనూ మూడేళ్ళు అలాంటి స్క్రిప్టులే రాశాను.

ఈసారి "వెయిటింగ్ ఫర్ ఎ వీసా" తీశాను. బరోడా ఘట్టం. కొలంబియాలో చదివొచ్చిన మనిషికి ఊళ్ళో ఉండటానికి గది దొరకలేదు. పార్శీ పేరు పెట్టుకుని పార్శీల సత్రంలో దిగాడు. గబ్బిలాలు తిరిగే హాలు, ఒక్క లాంతరు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని పదిమందికి పైగా పార్శీలు వచ్చారు, సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమన్నారు. స్నేహితుల ఇళ్ళకు పోయినా చోటు దొరకలేదు. బొంబాయి రైలు రాత్రి తొమ్మిదికి. అప్పటిదాకా కామాఠీ బాగ్ తోటలో ఐదు గంటలు కూర్చున్నాడు. దిక్కులేని పిల్లలకు గుర్తొచ్చినట్టు అమ్మానాన్నలు గుర్తొచ్చారని ఆయనే రాసుకున్నాడు. మా అమ్మాయి చేసింది ఆ ఐదు గంటలు.

పెద్దాయనకు ఈ కథంతా చెప్పాను. విన్నాడు. "అది నిజమే అయ్యుండొచ్చు బాబూ. ఆ సెంటర్లో విగ్రహం నిలబెట్టడానికి మేం ఎన్ని దెబ్బలు తిన్నామో నీకు తెలీదు. కూర్చోబెట్టడానికా?" అన్నాడు.

కాదనలేను. మా తాత మోతుబరి కనిపిస్తే మంచం మీంచి లేచి నిలబడేవాడు. మనకు వాళ్ళ ముందు కూర్చోవడం కూడా కొట్లాడి తెచ్చుకున్నదే కదా, నిలబడటం ఒక్కటే కాదు కదా అని నోటిదాకా వచ్చింది. ఆయన వయసు చూసి ఆగిపోయాను. ఆయన చేతుల్తో సిమెంటు మోసి కట్టిన దిమ్మె అది. నేను సినిమా చూసి రాసిన స్క్రిప్ట్ ఇది.

డిసెంబర్ 6న అదే పల్లెలో మళ్ళీ వెయ్యమని కబురు పెట్టాడు, ఒక షరతు మీద. చివర్లో పిల్ల లేచి నిలబడాలి. నాకు నచ్చలేదు, మార్చనన్నాను. మా అమ్మాయి మాత్రం పుస్తకం తెరిచి ఆ పేజీ నా ముందు పెట్టింది.

"రైలుకి టైమైతే ఎనిమిదింటికి లేచి సామాను తెచ్చుకోడానికి వెళ్తారు కదా సార్. ఎలాగూ లేవాలి."

ఎలా లేవాలో రోజూ సాయంత్రం ఖాళీ క్లాసురూములో ప్రాక్టీసు చేస్తోంది. ఐదు గంటలు కదలకుండా కూర్చున్న మనిషికి ముందు కాళ్ళు తిమ్మిరెక్కుతాయట.