నీళ్లు చాలని ఊరు, చేతులు చాలని వీధులు

ఊరు పెరిగిందని జనాభా లెక్కల వాళ్లకంటే ముందు శానిటరీ ఇన్‌స్పెక్టరుకి తెలుస్తుంది. కొత్త వీధికి ఇంకా పేరు పెట్టి ఉండరు, కరెంటు స్తంభాలకి నంబర్లు వేసి ఉండరు, అప్పటికే మూలమీద ఖాళీ స్థలంలో చెత్త కుప్ప లేస్తుంది. మొదట సిమెంటు సంచులు, టైల్స్ వచ్చిన అట్టపెట్టెలు. కొన్నాళ్లకి గృహప్రవేశం అరిటాకులు. ఆ తర్వాత పసిపిల్లల డైపర్లు. ఆ వీధిలో ఎన్ని ఇళ్లు నిండాయో, అద్దెకి దిగినవాళ్లు సంసారులో, మిల్లు కుర్రాళ్లో, కాలేజీ పిల్లలో కుప్ప చూసి చెప్పేయొచ్చు. కోయంబత్తూరు చుట్టుపక్కలా, మదురై వైపూ మునిసిపాలిటీల్లో ఈ ఉద్యోగమే చేసి రిటైరయ్యాను. ఊళ్ల పెరుగుదల గురించి ఎవరు మాట్లాడినా నాకు ముందు కళ్లకి కట్టేది ఆ కుప్పలే, వాటిని ఎత్తే చేతులే.

ఆ చేతుల్లో చాలా మటుకు తెలుగు చేతులు. ఆంధ్ర, తెలంగాణల్లో ఉన్నవాళ్లకి ఇది చెబితే ఆశ్చర్యపోతారు. కోయంబత్తూరు తెలుగువాళ్లంటే మిల్లులు పెట్టిన నాయుళ్లు, జి.డి. నాయుడుగారు, పి.ఎస్.జి. కాలేజీలు గుర్తొస్తాయి. మదురై అనగానే తిరుమల నాయకుడి మహలు. అవన్నీ మావే, కాదనను. కాని తెల్లవారకముందే ఆ మిల్లు రోడ్లూ, మహలు చుట్టూ సందులూ ఊడ్చేవాళ్లలోనూ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లే ఎక్కువ. మేం అరుంధతీయులం. నాయకరాజులు మదురైని ఏలిన కాలంలో దక్షిణానికి దిగిన రైతుల వెంట, నేతగాళ్ల వెంట మా వాళ్లూ వచ్చారని పెద్దలు చెప్పేవారు.

మా తాత చెత్త ఎత్తలేదు. ఆయన కపిల బానలు కుట్టేవాడు. పడమటి కనుమల వెనక, వాన నీడలో ఉన్న నేల మాది. పాలఘాటు కనుమ సందులోంచి గాలి బాగా వస్తుంది, వాన మాత్రం చాలదు. పత్తి, జొన్న పండాలంటే లోతు బావుల్లోంచి ఎద్దులతో నీళ్లు తోడాల్సిందే. తోడే బాన తోలుది, ఆ తోలు ఊనేది, కుట్టేది మా వాళ్లు. 1930ల్లో నీలగిరుల్లోని పైకారా జలవిద్యుత్ కేంద్రం నుంచి కరెంటు వచ్చింది. బావులకి ఒకదాని తర్వాత ఒకటి మోటార్లు బిగించారు. నీళ్లు సులువుగా పైకి వచ్చాయి, సంతోషమే. బానలు కుట్టేవాడికి మాత్రం పని పోయింది. చేలు లేవు, మిల్లులో నూలు వడికే విభాగంలోకి మా కులం వాళ్లని అంత తేలిగ్గా రానిచ్చేవాళ్లు కాదని తాత అనేవాడు. మిగిలింది మునిసిపాలిటీ.

మునిసిపాలిటీ అప్పటికే పాతది. కోయంబత్తూరుకీ, మదురైకీ 1866లోనే పురపాలక సంఘాలు ఏర్పడ్డాయి. ఆ తర్వాత ప్లేగు వచ్చింది. 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో అది కోయంబత్తూరుని పలుమార్లు ఖాళీ చేయించింది. ప్లేగు మారియమ్మన్ గుళ్లు ఈరోజుకీ అక్కడ ఉన్నాయి. ఊరంతా పొలాల్లో పాకలు వేసుకుని తలదాచుకుంటే, వదిలేసిన వీధుల్లో ఎలకల్ని ఏరి, పాయిఖానాలు ఎత్తి, సున్నం చల్లడానికి మనుషులు కావాలి. ఆ పనికి మనుషుల్ని తీసుకున్నారు, ఊరి అంచున వరస ఇళ్లు ఇచ్చారు. మా పాత కాలనీలు చాలావాటి పుట్టుక అలాంటిదే. పని దగ్గర ఇల్లు ఇచ్చింది దయతో కాదు, తెల్లారేసరికి వీధిలో ఉండాలని. అయినా ఆ దగ్గరతనం వల్లే మా బతుకు సాగింది. దీని సంగతి మళ్లీ చెబుతాను.

మా అమ్మ వీధులు ఊడ్చేది. మొదట ఎన్.ఎం.ఆర్. అని రోజుకూలీ, తర్వాత పర్మనెంటు. తెల్లవారుజామున వార్డు ఆఫీసు ముందు మస్టర్. మేస్త్రి రిజిస్టరు తెరిచి పేరు పేరునా పిలుస్తాడు. ఇప్పుడు ఫోన్‌కి మొహం చూపిస్తే హాజరు పడుతుంది, టైము మాత్రం మారలేదు. ఒక్కొక్కరికీ ఒక బీటు. ఎవరి చీపురు వాళ్లదే. కొబ్బరి ఈనెలు దట్టంగా పట్టుకుని పాత సైకిల్ ట్యూబు ముక్కతో కర్రకి బిగిస్తారు. కర్ర మనిషి భుజం ఎత్తుకి రావాలి, పొట్టిదైతే మధ్యాహ్నానికి నడుం పట్టేస్తుంది. అమ్మ కొత్త చీపుర్ని నేరుగా తారురోడ్డు మీదికి తెచ్చేది కాదు. కొన్నాళ్లు మట్టివీధిలో వాడేది. ఈనెల కొసలు అరిగి అన్నీ ఒక్క ఎత్తుకి వచ్చాక, అప్పుడు బజారువీధికి. కొసలు ఎగుడుదిగుడుగా ఉంటే ఇసక వెనకే ఉండిపోతుందని ఆమె లెక్క. నేను ఇన్‌స్పెక్టరునయ్యాక కొత్తగా చేరిన ఆడపిల్లలకి నేర్పిన మొదటి పాఠం అదే.

ఆమె పర్మనెంటు కావడం వల్లే నేను ఇన్‌స్పెక్టరునయ్యాను. దిండిగల్ దగ్గర గాంధీగ్రామంలో శానిటరీ ఇన్‌స్పెక్టరు కోర్సుకి ఫీజు ఆమె పి.ఎఫ్. లోను. నెల మొదట్లో జీతం వస్తుందని నమ్మకం ఉంటేనే బడికి పంపే ధైర్యం వస్తుంది. మా కాలనీలో చదివి టీచర్లు, నర్సులు అయినవాళ్ల ఇళ్లు లెక్క చూస్తే దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒక పర్మనెంటు స్వీపరు తల్లో, తండ్రో ఉంటారు. తమిళనాడు ప్రభుత్వం 2009లో ఎస్సీల 18 శాతం రిజర్వేషన్‌లో అరుంధతీయులకి 3 శాతం విడిగా ఇచ్చింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం ఎస్సీల్లో ఉపవర్గీకరణ చెల్లుతుందని తీర్పు చెప్పింది. ఆ 3 శాతం సీట్లలో కూర్చున్న పిల్లల వెనకా ఆ స్థిరమైన జీతాలే ఉన్నాయి.

ఇప్పుడు నీళ్ల సంగతి. చెత్త అందరికీ కనిపిస్తుంది, మురుగు కనిపించదు. అందుకే దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి.

మురుగు పైపుకి నీళ్లు కావాలి. కేంద్రం ఇంజనీర్ల మాన్యువల్ ప్రకారం భూగర్భ డ్రైనేజీ లేని ఊళ్లో మనిషికి రోజుకి 70 లీటర్లు ఇస్తే చాలు, డ్రైనేజీ ఉంటే 135 లీటర్లు ఇవ్వాలి. లోపలి మురుగు సెకనుకి 60 సెంటీమీటర్ల వేగంతోనైనా కదిలితేనే అడుగున ఇసక, మడ్డి పేరుకోకుండా పైపు తనని తాను కడుక్కుంటుంది. నేను చాలాకాలం పనిచేసిన మునిసిపాలిటీలో వేసవిలో వారానికోసారి కుళాయి వచ్చేది. ఆడవాళ్లు అంట్లు కడిగిన నీళ్లు దాచి మరుగుదొడ్లో పోసేవాళ్లు. గ్రాంటు వచ్చింది కాబట్టి డ్రైనేజీ వేశారు, దాన్ని నడిపించే నీళ్లు రాలేదు. చిక్కటి మురుగు, పాత్రలు తోమిన బూడిద, హోటళ్ల నూనె జిడ్డు మలుపు దగ్గర గడ్డకట్టేవి. ఏప్రిల్ వచ్చిందంటే ఫిర్యాదులు మొదలయ్యేవి. కరువు ఊళ్లోనే డ్రైనేజీ ఎక్కువ పొంగుతుందంటే బయటివాళ్లు నమ్మరు.

పొంగిన చోట ఇంటివాళ్లు కోరేది ఒక్కటే, మనిషిని దింపండి. దింపకూడదు. చేతులతో మలం ఎత్తే పని మీద 1993లో ఒక చట్టం, మురుగు పైపుల్నీ కలుపుకుని 2013లో మరింత గట్టి చట్టం వచ్చాయి. 2014లో సుప్రీంకోర్టు మురుగులో చనిపోయిన వాళ్ల కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలంది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. అయినా 2022 ఏప్రిల్‌లో మదురై నెహ్రూ నగర్ మురుగు పంపింగ్ స్టేషన్ బావిలో ముగ్గురు కాంట్రాక్టు కార్మికులు చనిపోయారు. మోటారు పని చూస్తూ ఒకరు పడిపోతే, కాపాడబోయి మిగతా ఇద్దరు. ఇలాంటి చావులు చాలావాటిలో ఇదే వరస కనిపిస్తుంది. హైడ్రోజన్ సల్ఫైడు మొదట కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది. మోతాదు పెరిగితే ముక్కుకి వాసన పట్టే శక్తినే చంపేస్తుంది. కంపు తగ్గిందని, గ్యాసు పోయిందని అనుకునేది సరిగ్గా అప్పుడే. ఈ ఒక్క ముక్క ప్రతి మేస్త్రి చేతా, ప్రతి కౌన్సిలర్ చేతా వల్లె వేయించాలి.

మా దగ్గర డ్రైనేజీ పని చేసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. వెదురు బద్ద తోసినప్పుడు చేతికి తగిలే పట్టుని బట్టి లోపల ఉన్నది గుడ్డో, జిడ్డో, కూలిన ఇటుకో చెప్పేవాడు. ఆయన నన్ను ఒకటే అడిగేవాడు: "నీళ్లెప్పుడు ఇడుస్తారో కనుక్కో సార్. అదే ఈడ్చుకుపోతాది." నీళ్ల విభాగం వేరు, ఆరోగ్య విభాగం వేరు, ఇద్దరికీ వేరే రిజిస్టర్లు. వాల్వు తిప్పే మనిషితో మాట్లాడుకుని, కుళాయి వచ్చే రోజు పొద్దున పై మలుపు చాంబరులో ఇసక మూటలు తాళ్లతో దింపి అడ్డం పెట్టేవాళ్లం. ఇళ్లలో స్నానాలు, ఉతుకులు అయ్యేసరికి వెనక నీరు నిండేది. పైనుంచి తాళ్లు లాగేవాళ్లం. నిలిచిన నీళ్లన్నీ ఒక్కసారి దూకి కింది వీధి మడ్డిని తోసుకుపోయేవి. ఎవరూ లోపలికి దిగలేదు. దీనికి కావలసిందల్లా రెండు విభాగాలు ఒక కాగితం మీద రోజులు రాసుకోవడం. జెట్టింగ్ లారీలు వచ్చాయి, 2018 నుంచి మురుగు గుంతలు శుభ్రం చేసే, కేరళ కుర్రాళ్లు చేసిన బాండికూట్ రోబోలు వచ్చాయి. రావలసిందే, ఇంకా రావాలి. కాని లారీ పట్టని సందులు పాత ఊళ్లలో చాలా ఉన్నాయి. అక్కడ ఈ పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది.

2011లో కోయంబత్తూరు, మదురై రెండు నగరపాలికలూ చుట్టుపక్కల ఊళ్లని కలుపుకుని 72 వార్డుల నుంచి 100 వార్డులయ్యాయి. మదురై విస్తీర్ణం సుమారు 52 చదరపు కిలోమీటర్ల నుంచి 148కి పెరిగింది, కోయంబత్తూరుది రెండింతలు దాటింది. నిన్నటిదాకా పంచాయతీలుగా ఉన్న చోట పన్ను నగరం లెక్కన పడింది. పైపులు, బళ్లు, మనుషులు ఆ వేగంతో రాలేదు. రాష్ట్రంలో చాలా పట్టణాల్లో పర్మనెంటు పోస్టులు ఖాళీ అయినకొద్దీ కాంట్రాక్టు వాళ్లతో నింపారు. రెండు మూడేళ్లకోసారి కంపెనీ మారుతుంది, మనిషి అదే, బీటు అదే, సర్వీసు మాత్రం మళ్లీ మొదటి రోజు నుంచి. మా అమ్మ పి.ఎఫ్. లోను తీసి నన్ను చదివించినట్టు ఈ కాలపు తల్లి చేయగలదా? ఊరి పెరుగుదలకి నేను పెట్టే పరీక్ష ఇదే. ఫ్లైఓవర్లు కట్టొద్దని నేననను. కాని ఈ సంగతి ఎవర్ని అడగాలి? 2016 అక్టోబరులో పాలకమండళ్ల గడువు ముగిశాక 2022 ఫిబ్రవరి దాకా తమిళనాడు పట్టణాల్లో ఎన్నికలే జరగలేదు, ప్రత్యేకాధికారులే నడిపారు. ఊళ్లు అంత వేగంగా పెరిగిన ఆ ఐదేళ్లకు పైగా, వీధి మనిషి వెళ్లి గట్టిగా అడగడానికి వార్డులో ఒక కౌన్సిలర్ కూడా లేడు.

ఇక ఇళ్లు. కోయంబత్తూరు ఉక్కడంలో సి.ఎం.సి. కాలనీ అని పారిశుధ్య కార్మికుల పాత తెలుగు కాలనీ ఉండేది. 2024 ఆగస్టులో తెరిచిన ఉక్కడం ఫ్లైఓవర్ పనులకి అక్కడి కుటుంబాలు ఖాళీ చేయాల్సి వచ్చింది. చెరువు గట్ల మీద, వాగుల పక్కన ఉన్నవాళ్లని మలుమిచ్చంపట్టి, కీరణత్తం లాంటి శివార్లలో కట్టిన అపార్టుమెంట్లకి పంపారు. పక్కా ఇల్లు, లోపలే మరుగుదొడ్డి. మంచివే. కాని మస్టర్ ఉన్నది ఊరి నడుమ. పైపు లేకుండా నీటి ట్యాంకు కడితే ఏ ఇంజనీరూ ఒప్పుకోడు. స్వీపరు ఇల్లు ఎక్కడుండాలన్నదీ పారిశుధ్యం పనిలో భాగమేనని, ప్లాను గీసేటప్పుడే మస్టర్ పాయింటు నుంచి దూరం కొలవాలని నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు రాశాను, ఇప్పుడూ రాస్తున్నాను.

2022 నవంబరు నుంచి పట్టణాల్లో, వార్డు జనం తమ అవసరాలు చెప్పుకునే ఏరియా సభలు మొదలయ్యాయి. మా బంధువులు ఉండే ఒక శివారు అపార్టుమెంటు ఆడవాళ్లకి అర్జీ ఎలా రాయాలో చెప్పడానికి వెళ్లాను. తెలుగులో మాట్లాడుకుని, తమిళంలో రాసుకున్నారు. ఇల్లు మార్చమని అడగలేదు. "ఇచ్చిన ఇల్లు ఇచ్చినారు, పొద్దున్నే పోయేదానికి బస్సు అడగదాం అన్నా" అంది ఒకామె. నాలుగున్నరకి మొదటి బస్సు, దారిలో రెండు చోట్ల లైట్లు, ఏ మస్టర్ పాయింటుకి ఎంతమంది పోతారో పట్టీ. కౌన్సిలర్ కూడా కొత్తగా గెలిచిన ఆడమనిషే, పట్టీ చూసి అప్పటికప్పుడే డిపోకి ఉత్తరం పెట్టించింది. బస్సు వేశారు. ఆదివారం మాత్రం రాదు, మస్టరేమో ఆదివారమూ ఉంది. వచ్చే సభ అర్జీలో అదే మొదటి అంశంగా రాసుకున్నారు. రెండోది, కాంట్రాక్టు మారినా సర్వీసు కొనసాగించాలని.