ముహూర్తం, ఊపిరి

2024 జులై 20, శనివారం. సికింద్రాబాద్.

సిద్ధాంతిగారు పెట్టిన ముహూర్తానికే మనవడు పుట్టాడు. ముప్పై ఎనిమిదో వారం, అమ్మాయికి నొప్పులింకా రాలేదు, ఆపరేషన్ చేశారు. పుట్టగానే గట్టిగానే ఏడ్చాడు. గంట తిరక్కుండా మూలుగు మొదలైంది. డొక్కలెగరేస్తున్నాడు. పీల్చినప్పుడల్లా రొమ్ము కింద గుంట పడుతోంది, ముక్కుపుటాలు విచ్చుకుంటున్నాయి. నర్సు గడియారం పట్టుకుని నిమిషం నిండా లెక్కపెట్టింది: 82. అరవై దాటకూడదట.

"నెమ్మా డాక్టరమ్మా?" అన్నాను.

"ఎక్స్‌రేలో అలా లేదమ్మా. ఊపిరితిత్తుల్లో నీరు ఇంకా ఇంకలేదు. రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. ఇన్‌ఫెక్షన్ లేదని తేలడానికి రక్తం కూడా పంపాం."

ఎన్‌ఐసీయూలో పెట్టారు.

జులై 21, ఆదివారం.

లష్కర్ బోనాలు. మహంకాళి గుడి చుట్టూ దారులు మూసేశారు, అల్లుడు నడిచే వచ్చాడు. బిడ్డ ముక్కుకి గొట్టాలు, చేతికి సెలైన్. ఆ ఆయాసంలో నోటికి పాలు పడితే ఊపిరితిత్తుల్లోకి పోతాయని పట్టడం లేదు.

డాక్టరమ్మ తీరిక చేసుకుని చెప్పింది. కడుపులో ఉన్నన్నాళ్లూ ఊపిరితిత్తులే నీరు ఊరించుకుంటాయట. నొప్పులు మొదలయ్యాక బిడ్డ ఒంట్లో అడ్రినలిన్ పెరిగి, అంతవరకూ ఊరించిన కణాలే ఆ నీటిని లోపలికి పీల్చుకుంటాయట. నొప్పులు రాకుండా కోస్తే ఆ పని వెనకబడుతుంది. మామూలు కాన్పులోనూ కొందరికి ఇలా అవుతుంది. 1966లో అమెరికాలో మేరీ ఎలెన్ ఏవరీ, ఆమె సహచరులు దీన్ని విడిగా గుర్తించి రాశారు. అంతకుముందు ఇలాంటి పిల్లల్ని ఏ జబ్బు కింద వేసేవారో!

నొప్పులు తల్లికి శిక్ష అనుకునేదాన్ని. బిడ్డకి అంత పని చేసిపెడతాయని ఇన్నేళ్లకి విన్నాను. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. అన్నీ ముహూర్తానికి చేసినవే అనను. మాది మాత్రం అదే.

"జాతకం బ్రహ్మాండం వదినగారూ!" అన్నారు వియ్యంకుడుగారు, క్యాంటీన్లో. నేను టీ తాగాను.

జులై 22, సోమవారం.

పొద్దున 64, మధ్యాహ్నం 54. మూలుగు లేదు. గుడిలో రంగం, భవిష్యవాణి. వియ్యంకుడుగారు ఫోన్లో అదే చూస్తున్నారు. నా చూపంతా మానిటర్ మీదే.

సాయంత్రం ఆక్సిజన్ తీసేశారు. అమ్మాయి పిండిచ్చిన పాలు నర్సు ఉగ్గుగిన్నెతో పట్టింది. రెండు గుక్కలు మింగి, మూడోది చొక్కా మీదికి కక్కాడు.

రేపు పంపవచ్చేమో అంది డాక్టరమ్మ. "రేపు మంగళవారం, బిడ్డ గడప దాటకూడదు. బుధవారం చూద్దాం" అన్నారు వియ్యంకుడుగారు.

"మంచిదే. ఇంకో రోజు రొమ్ము పట్టడం చూసి పంపుతాను" అంది ఆవిడ.