వేలాడే బరువు

బాబుపేట్‌లో అణు రియాక్టర్ లేదు. ఈ చంద్రపూర్ జిల్లాలోనే లేదు. మా వాడ కాపురాలు బొగ్గును నమ్ముకుని నిలబడినవి. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి బావుల పనికి వచ్చినవాళ్ల సంతతి మేము. ఊరికి ఉత్తరాన దుర్గాపూర్ దగ్గర 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉంది. అణు రియాక్టర్ వెసెల్‌ను దేని మీద నిలబెడతారన్న ప్రశ్న నన్ను చాలాకాలం వెంటాడింది. దానికి తొలి జవాబు పుస్తకంలో దొరకలేదు. థర్మల్ కేంద్రంలో ఫిట్టరుగా పనిచేసిన మా మేనమామ నోట విన్నాను.

డ్రాఫ్టింగు నేర్చుకుంటున్న రోజులవి. ఎండాకాలం రాత్రి, మిద్దె మీద పడకలు. చంద్రపూర్ ఎండల సంగతి తెలిసిందే కదా, పది దాటినా గచ్చు కాలుతూనే ఉంది. "మామా, గంత పెద్ద బాయిలర్‌కు కింద పునాది ఎంత లోతు ఏస్తరు?" అని అడిగాను. ఆయన నవ్వాడు. "కింద ఏముందిరా? అంతా పైనుంచి ఏలాడదీసిందే."

500 మెగావాట్ల బాయిలర్‌ను ఉక్కు స్తంభాల పైనున్న దూలాలకు కడ్డీలతో వేలాడదీస్తారు. మంట రాజేసి లైటప్ చేశాక అది వేడెక్కి సుమారు జానెడు కిందికి సాగుతుంది. ఆ సాగుడుకు అడ్డు రాకుండా అడుగున నీళ్ల తొట్టి ఉంటుంది. బాయిలర్ అంచు రేకు అందులో మునిగి ఉంటుంది. గాలి లోపలికి పోదు, రేకు మాత్రం కిందికి దిగుతుంది. మామ ఎక్కువసేపు చెప్పింది పైపులను మోసే స్ప్రింగ్ హ్యాంగర్ గురించి. దాని డబ్బా పక్కన చిన్న సందు, లోపల ముల్లు, పక్కన రెండు గుర్తులు: ఒకటి చల్లగా ఉన్నప్పటిది, ఒకటి వేడెక్కాక చేరాల్సినది. హైడ్రో టెస్టులో పైపు నిండా నీళ్లుంటాయి కాబట్టి, ఆ అదనపు బరువుకు స్ప్రింగు కదలకుండా పిన్ను వేసి ఉంచుతారు. "టెస్టు అయినంక గా పిన్ను గుంజాలె. గుంజకుంట లైటప్ చేసినవనుకో, స్ప్రింగు ఉన్నా లేనట్టే. ఎటూ కదలలేక పైపే పగుల్తది."

ఆ మాట నాలో చాలాకాలం నలిగింది. సపోర్టు అంటే గట్టిగా పట్టుకునేది అనుకుంటాం కదా. కదలనివ్వడమే దాని పనైతే, భూకంపం వచ్చిన రోజున దాన్ని ఎట్లా నమ్మడం?

రియాక్టర్ల గురించి చదువుతున్నకొద్దీ ఈ ప్రశ్న చిక్కబడింది. ఒత్తిడి నీటి రియాక్టర్లలో చాలావాటికి వెసెల్ తన నాజిళ్ల (పైపులు కలిసే మూతుల) కింది దిమ్మెల మీద ఆనుకుంటుంది. సుమారు 300 డిగ్రీల వేడికి కొన్ని మిల్లీమీటర్లు వెడల్పవుతుంది. ఆ దిమ్మెలు దాన్ని కేంద్రం నుంచి బయటి వైపుకు జరగనిస్తాయి, పక్కకు మాత్రం జరగనివ్వవు. అందుకే ఎంత ఉబ్బినా నడిబిందువు చెక్కుచెదరదు. మన భారజల రియాక్టర్లలో ఇంధనం ఉండే గొట్టాలు హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారవుతాయి. 220 మెగావాట్ల రియాక్టర్‌కు అలాంటి చానళ్లు 306. అవి న్యూట్రాన్ల తాకిడికి ఏళ్ల తరబడి మెల్లగా పొడవు పెరుగుతాయి. అందుకే ఒక కొన బిగించి, రెండో కొనను బేరింగుల మీద జరిగేలా వదులుతారు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచనలో పడేసింది కల్పాక్కం ప్రోటోటైప్ ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్. దాని ప్రధాన వెసెల్ వ్యాసం దాదాపు 13 మీటర్లు, లోపల 1,150 టన్నుల ద్రవ సోడియం. గోడ మందం మాత్రం 25 నుంచి 40 మిల్లీమీటర్లే. అదీ మామ చెప్పిన బాయిలర్ లాగే పైనుంచే వేలాడుతుంది. మందం పెంచకూడదా అనిపిస్తుంది. పెంచితే ఉష్ణోగ్రత మారినప్పుడల్లా గోడ లోపలి ముఖానికీ బయటి ముఖానికీ వేడిలో తేడా పెరుగుతుంది. ఆ తేడాయే లోహాన్ని అలసగొడుతుంది. మరీ పలచబడితే భూకంపంలో గోడ నొక్కుకుపోతుంది. డిజైనరు ఈ రెండు భయాల నడుమ ఎక్కడో ఒక అంకె దగ్గర ఆగాలి. ఆ అంకె దగ్గర ఆగినవాళ్లకు ఆ రాత్రి నిద్ర పట్టిందా అని నాకు ఇప్పటికీ కుతూహలమే.

నా భూకంపం ప్రశ్నకు జవాబు స్నబ్బర్‌లో దొరికింది. పైపులకూ పెద్ద పరికరాలకూ తగిలించే ఈ సిలిండరు, వేడికి మెల్లగా వచ్చే సాగుడును ఏమీ అనదు. ఒక్కసారిగా కుదుపు వస్తే చటుక్కున బిగుసుకుంటుంది. ఏ కదలికను వదలాలో, దేన్ని ఆపాలో వేగాన్ని బట్టి అదే తేల్చుకుంటుంది. మనుషులకు ఇంత స్పష్టత ఉండదు. మనం పిల్లల మెల్లటి మార్పుకే బిగుసుకుంటాం, కుదుపు వచ్చిన రోజున చేతులు వదిలేస్తాం. బహుశా ఇది నా ఒక్కడి స్వభావమేమో.

సపోర్టుకూ వయసు వస్తుంది. రాజస్థాన్ అణు విద్యుత్ కేంద్రం మొదటి యూనిట్ 1973లో పని మొదలుపెట్టింది. చానళ్ల కొనలను మోసే ఎండ్ షీల్డ్‌కు అందులో నికెల్ కలిపిన ఉక్కు వాడారు. రేడియేషన్‌కు అది పెళుసుబారి పగుళ్లిచ్చింది. తర్వాతి రియాక్టర్లకు స్టెయిన్‌లెస్ స్టీలు ఎంచుకున్నారు. వయసే కాదు, ప్రమాదమూ సపోర్టును పరీక్షిస్తుంది. ఫుకుషిమా మొదటి యూనిట్‌లో 2011లో ఇంధనం కరిగి వెసెల్ అడుగు దాటి కిందికి జారింది. వెసెల్‌ను మోసే కాంక్రీటు పీఠం లోపలి వైపు ఊడిపోయి, ఇనుప చువ్వలు బయటపడి ఉన్నాయని 2023లో రోబో తీసిన చిత్రాల్లో తేలింది. అంత దెబ్బ తిన్నా పీఠం ఇంకా నిలబడే ఉంది. రోజూ అవసరపడే బలం కన్నా ఎంతో ఎక్కువ బలాన్ని ఎవరో ముందే లెక్కగట్టి అందులో ఉంచారు. మామూలు రోజుల్లో దాన్ని దండగ ఖర్చు అనేవాళ్లూ ఉంటారు.

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ ప్రతిపాదన పుణ్యమా అని అణు విద్యుత్తు మాట మన తెలుగువాళ్ల ఇళ్లలో మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. ఎన్ని మెగావాట్లు, ఎన్ని కోట్లు అని అందరూ అడుగుతారు. మీరు మాత్రం ఆ వెసెల్ దేనికి ఆనుకుని ఉంటుందో, ఎటు కదలగలదో, ఆ సపోర్టును ఎన్నేళ్లకోసారి తనిఖీ చేస్తారో కూడా అడగండి.