ర్యాంపు కింద తూము

కొత్త కారు కొనే ఆలోచనలో ఉన్న రైతు సోదరుల కోసం ఈ పోస్టు రాస్తున్నాను. మైలేజీ గురించో, ఏ కంపెనీది బావుంటుందనో కాదండి. అవి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. కారు ఇంటికొచ్చాక ఎక్కడ పెడతారు అన్నదాని గురించి. ఇది కూడా ఒక విషయమేనా అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

మా ఇంటి పక్కన ఒక సావిడి ఉంది. మా తాతగారు ఎడ్లకీ, బండికీ కట్టించింది. పెంకుటి కప్పు, ముందు రెండు ఇటుక స్తంభాలు. ఆ స్తంభాల మధ్య ఏడడుగులు. లోపల వెడల్పు ఎనిమిది, పొడుగు పదిహేను. ఎడ్లు పోయాక కొన్నాళ్ళు కొబ్బరి కాయలు పోసుకున్నాం. 1988లో నాన్నగారు తణుకులో ఒక సెకండ్‌హ్యాండ్ అంబాసిడర్ కొన్నారు. అది సావిడిలో పడుతుందా పట్టదా అని వీధి వీధంతా వచ్చి నిలబడింది. అంబాసిడర్ వెడల్పు 1.66 మీటర్లు, అంటే ఐదడుగుల ఐదంగుళాలు. అటు తొమ్మిదంగుళాలు, ఇటు తొమ్మిదంగుళాలు వదిలి సుబ్బరంగా లోపలికెళ్ళింది. పొడుగు పద్నాలుగడుగుల రెండంగుళాలు. వెనకాల తలుపులు మూసి గొళ్ళెం పెట్టాక నాన్నగారు అందరికేసీ చూసి నవ్విన నవ్వు నాకింకా గుర్తుంది.

తర్వాత 2001లో నేను మారుతి 800 కొన్నాను. దాని వెడల్పు 1.44 మీటర్లే. సావిడిలో కారు పక్కనే యూరియా కట్టలు ఒక వరస, స్ప్రేయరు, పాత ఆయిలింజను అన్నీ పట్టేవి. ఇరవై రెండేళ్ళు ఆ కారుకి చోటు గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

2023 దసరాకి పెద్ద కారు తీసుకున్నాను. అమ్మకి మోకాళ్ళు, 800లో కిందకి కూర్చోలేకపోతోంది, లేవలేకపోతోంది. ఇది నిజమే. ఎదురింటాయన అంతకు ముందు సంక్రాంతికి పెద్ద కారు తెచ్చి గుమ్మం ముందు పెట్టాడు, ఇదీ నిజమే. మీ దగ్గర దాచడం దేనికి.

రాజమండ్రిలో షోరూముకెళ్ళి రంగు చూశాం, సీట్లు చూశాం, పైన అద్దం తెరుచుకుంటుందా లేదా చూశాం. కారు కొలతలు కాగితంలో చివరి పేజీలో, మిల్లీమీటర్లలో, చిన్న అక్షరాల్లో ఉన్నాయి. చేలో అర సెంటు తేడా వస్తే సర్వేయర్ని పిలిపించి గొలుసు లాగించే మనిషిని, పాతిక లక్షల కారుకి టేపు పట్టలేదు.

ఇంటికి తెచ్చి, నిమ్మకాయలు తొక్కించి, సావిడి వైపు తిప్పాను. కారు వెడల్పు 1.89 మీటర్లు, ఆరడుగుల రెండంగుళాల పైమాట. పక్క అద్దాలు ఆ లెక్కలో ఉండవండి, అది గుర్తుపెట్టుకోండి. అద్దాలు మడిచి, మా అబ్బాయి ముందు నిలబడి చేతులు ఊపుతుంటే, అటు నాలుగు వేళ్ళు ఇటు నాలుగు వేళ్ళు వదిలి ఎలాగో లోపలికి పోనిచ్చాను. పోయాక తలుపు తీస్తే గోడకి కొట్టుకుంది. రెండో వైపూ అంతే. నా పొట్ట సంగతి తెలిసినవాళ్ళకి తెలుసు. పొడుగు పదిహేనడుగుల ఐదంగుళాలు కాబట్టి తోక బయటే ఉండిపోయింది. అదే నయమైంది. వెనక సీట్ల మీంచి పాక్కుంటూ వెళ్ళి, డిక్కీలోంచి బయటపడ్డాను. మా ఆవిడ కొబ్బరికాయ పళ్ళెం పట్టుకుని నవ్వాపుకోలేకపోయింది.

ఇది నా ఒక్కడి తిప్పలే అనుకోకండి. కార్లు నిజంగానే లావెక్కాయి. దానికో చిన్న కథ ఉంది. 2006 బడ్జెట్లో నాలుగు మీటర్ల లోపు పొడుగున్న చిన్న కార్లకి సుంకం తగ్గించారు. జీఎస్టీ వచ్చాక కూడా ఆ గీత పోలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి అయితే గీత లోపలున్న చిన్న ఇంజను కార్లకి 18 శాతం, దాటినవాటికి 40 శాతం. అందుకే ఏ కంపెనీ చూడండి, 3,995 మిల్లీమీటర్ల పొడుగుతో ఒక కారుంటుంది. గీతకి ఐదు మిల్లీమీటర్లు ఇవతల ఆగిపోతుంది. కానీ వెడల్పుకి గీత ఎవరూ గియ్యలేదు. ఇటు పెరగనివ్వకపోతే అటు పెరిగాయి. నెక్సాన్ ఉంది చూడండి, అంబాసిడర్ కంటే అడుగు పొట్టిది, కానీ అయిదున్నర అంగుళాలు వెడల్పు ఎక్కువ. మన వీధులకి కావాల్సింది వెడల్పు లెక్క. పొడుగు ఎంతుంటే ఏంటి, ఎడ్లబండీ పొడుగే.

యూరప్‌లో కూడా కొత్త కార్లు సగటున రెండేళ్ళకో సెంటీమీటరు చొప్పున వెడల్పవుతున్నాయట. జపాను వాళ్ళు మాత్రం ముందే జాగ్రత్తపడ్డారు. అక్కడ చిన్న కార్లని వేరే తరగతి చేసి, పొడుగు 3.4 మీటర్లు, వెడల్పు 1.48 మీటర్లు దాటకూడదని పెట్టారు. పెద్ద కారు కొనాలంటే, పెట్టుకోవడానికి చోటుందని పోలీసుల దగ్గర కాగితం తెచ్చుకోవాలి. ఆ చట్టం 1962 నాటిది. మన దగ్గర అలాంటిది పెడితే మా వీధిలో ఇద్దరికి వస్తుంది కాగితం. నాకు రాదు.

సరే, కారు సావిడిలో పట్టదు. అప్పుడు నేనేం చెయ్యొచ్చు? ఒక స్తంభం కొట్టి రెండడుగులు పక్కకి జరపొచ్చు, వెనక గోడ కాస్త వెనక్కి కట్టొచ్చు. మేస్త్రీ అదే చెప్పాడు. తాతగారు కట్టించిన స్తంభం మీద సుత్తి పడనివ్వను అన్నాను. చాలా గొప్పగా అన్నాను. దాని బదులు ఇంటి ముందు ర్యాంపు వేసి కారు దానిమీద పెట్టేద్దాం అనుకున్నాను.

మా ఇంటికీ రోడ్డుకీ మధ్య మురుగు బోదె ఉంది. మూడడుగుల వెడల్పు, రెండడుగుల లోతు. ఊరి వెనక చేల నీళ్ళన్నీ మా వీధి వెంట ఈ బోదెలోంచి వచ్చి, చివర కోడులో పడాలి. తాతగారి రోజుల్లో బండి దాటడానికి దానిమీద నాలుగు తాటి దుంగలు ఉండేవి. కింద బోదె మొత్తం ఖాళీ. దుంగలు పుచ్చిపోతే మార్చేవారు. నీళ్ళకి ఎవరూ అడ్డం రాలేదు.

నేను వేసిన ర్యాంపు పొడుగు పదిహేడడుగులు. కారు నిలువునా దానిమీదే ఉండాలి కదా, బోదె వెంబడే పోయించాను. కింద అడుగు సైజు సిమెంటు తూములు. "అడుగు తూము చాలండి, అందరూ అదే వేయించుకున్నారు" అన్నాడు మేస్త్రీ. నిజమే, మా వీధిలో అప్పటికే పదమూడు ర్యాంపులున్నాయి. నాది పద్నాలుగోది.

ఇక్కడ ఒక్క లెక్క చూడండి. మూడడుగుల వెడల్పు, రెండడుగుల లోతు అంటే నీళ్ళు పోవడానికి ఆరు చదరపు అడుగుల దారి. అడుగు తూములో ఉండే దారి ముప్పాతిక చదరపు అడుగుకి కాస్త ఎక్కువ. అంటే ఎనిమిదో వంతు. దానికి తోడు కొబ్బరి డొక్కలు, కవర్లు, గుర్రపుడెక్క ఒక్కటి అడ్డం పడితే అదీ ఉండదు. ఎనిమిదెకరాల చేను నీళ్ళని ఎకరం బోదెలోంచి తియ్యమన్నట్టు ఉంటుంది ఆ పని. నేను వ్యవసాయం చేస్తున్నది ముప్పై ఏళ్ళుగా. ఈ లెక్క నాకు తెలియదనకండి.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మీకందరికీ గుర్తుండే ఉంటుంది, ఎవరి చేలో ఏం పోయిందో. నా సార్వా అంతకు నాలుగు రోజుల ముందే మిషను కోత కోయించి, ధాన్యం తోలేశాను. ఊరి వెనక రెండున్నర ఎకరాలు కౌలుకి చేసే బాబాయి ఒకాయన ఉన్నారు. సొంత బాబాయి కాదు, వరస. పొలం హైదరాబాదులో ఉండే ఆసామిది. స్వర్ణ వేశాడు. మనుషుల చేత కోయించి పనల మీద ఉంచాడు, రెండు రోజులు ఆరితే కుప్పేద్దామని. వాన పట్టుకుంది.

తెల్లవారుజామున నాలుగున్నరకి వీధిలో ఏదో చప్పుడైతే లేచాను. బాబాయి నెత్తిన గోనె సంచి కొంగ్రాళ్ళా వేసుకుని, మా ర్యాంపు దగ్గర మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, వెదురు గెడతో తూములో పొడుస్తున్నాడు. ర్యాంపు పైపక్క నీళ్ళు రోడ్డు మీదకొచ్చేశాయి. కిందపక్క బోదెలో చెంబెడు ధార పోతోంది.

"కారు తియ్యి అబ్బాయ్, ఇది కొట్టాలి" అన్నాడు.

నేనేమన్నానో అలాగే రాస్తున్నాను. "ఈ వానలో కారెక్కడ పెట్టను బాబాయ్, తెల్లారనియ్యి" అన్నాను.

ఆయన ఇంకేం మాట్లాడలేదు. గెడ తూములోనే వదిలేసి వెళ్ళిపోయాడు. నేను లోపలికొచ్చి పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు. అలాగని లేచి వెళ్ళనూ లేదు.

పొద్దున్న వాన ఆగలేదు. ఆ రోజు ఎవరి కార్లు వాళ్ళవి, ఎవరి ర్యాంపులు వాళ్ళవి. నాది ఒక్కటే కొడితే మిగతా పదమూడింటి మాటేంటి అని ఒకరు, నాది తర్వాత వేసినది కాబట్టి ముందు నాదే కొట్టాలని ఇంకొకరు. మర్నాడు పెద్దలు కూర్చుని, జేసీబీ తెప్పించి, మధ్యలో ఐదు ర్యాంపులు పగలగొట్టించేసరికి సాయంత్రమైంది. అందులో నాది మొదటిది. నీళ్ళు పూర్తిగా దిగడానికి ఇంకో రోజు పట్టింది. అప్పటికి బాబాయి పనల్లో మొలకలు వచ్చేశాయి. వెన్ను పట్టుకుంటే తెల్లటి మొలక వేలంత ఉంది.

ఎకరానికి ముప్పై బస్తాలు వస్తాయనుకున్న చేను. మొత్తం మీద డెబ్బై ఐదు రావాల్సింది, ముప్పై దాటలేదు, అదీ రంగు మారినది. ఆ ఏడు మద్దతు ధర క్వింటాలుకి 2,183 రూపాయలు, అంటే 75 కిలోల బస్తా 1,637. నలభై ఐదు బస్తాలకి లెక్కేసుకోండి. కౌలు మాత్రం కౌలే. ఆసామి సంక్రాంతికి వచ్చాడు, మా వీధిలో సందు లేక ఆయన కారు కూడా గుడి దగ్గర పెట్టుకున్నాడు.

తుపాను వల్ల పోయింది చాలానే. మొత్తం నా ర్యాంపు వల్లే అనడం లేదు. కానీ పక్క ఊరి వైపు బోదె ఖాళీగా ఉన్న చేలల్లో రెండో రోజుకే నీళ్ళు దిగాయి, వాళ్ళు పనలు గట్టుమీదకి మోసుకుని సగానికి పైగా దక్కించుకున్నారు. ఆ తేడా మాదే.

జనవరిలో బాబాయి ఇంటికెళ్ళి ఇరవై వేలు ఇచ్చాను. తీసుకోడేమో అని భయపడ్డాను. తీసుకున్నాడు. కూర్చోబెట్టి, నా ఎదుటే లెక్కపెట్టుకుని మరీ తీసుకున్నాడు. పిన్ని కాఫీ ఇచ్చింది. ఆ లెక్కపెట్టడమే నాకు కాస్త ఊరటనిచ్చింది.

ఆ వేసవిలో సావిడి స్తంభం కొట్టించాను. తాతగారి ఇటుకలు ఒక్కొక్కటీ ఇంత లావున్నాయి. రెండడుగులు జరిపి మళ్ళీ వాటితోనే కట్టించాను, పక్కగోడ కూడా జరిగింది, వెనక గోడ మూడడుగులు వెనక్కి. బోదె మీద తూములు లేకుండా, రెండు గట్లకీ గోడలు లేపి పైన స్లాబు పోయించాను, తొమ్మిదడుగులే, కారు దాటడానికి సరిపడా. కింద బోదె బోదెలాగే ఉంది. రెండూ కలిపి లక్షా పదివేలు అయ్యింది. ఇది ముందే చేసుంటే ఆ ర్యాంపు డబ్బులైనా మిగిలేవి.

కట్టించుకునేవాళ్ళకి పనికొస్తుందని చెబుతున్నాను. కారు వెడల్పుకి అద్దాల కోసం ఒక అడుగు, తలుపు తీసి దిగడానికి కనీసం ఒక పక్క రెండున్నర అడుగులు కలుపుకోండి. తూమే వేయాల్సి వస్తే రెండడుగులది వెయ్యండి. అడుగు తూముకి అది రెండింతలు కాదండి, దారి నాలుగింతలు. ఇంకా స్లాబే నయం, పార పెట్టి చెత్త లాగొచ్చు.

మా వీధిలో పద్నాలుగింటిలో ఇప్పటికి ఆరు స్లాబులయ్యాయి. పగలగొట్టించిన ఐదింటిలో ఇద్దరు మళ్ళీ అడుగు తూములే వేశారు. నేను చెబితే "నువ్వా చెప్పేది" అంటారు. అనాలి కూడా.

మొన్న 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను మన తీరం దాటినప్పుడు చేలు పాలగింజ మీద ఉన్నాయి. ఆ రాత్రి కరెంటు లేదు. తెల్లవారుజామున వీధిలో టార్చి లైటు కదిలింది. లేచి వెళ్ళాను. బాబాయి స్లాబు కిందకి వంగి చూస్తున్నాడు.

"కారేదిరా?" అన్నాడు.

"సావిడిలో ఉంది బాబాయ్."

"ఇక్కడ నీళ్ళు పోతన్నాయిలే," అని గెడ భుజానేసుకుని, పక్కింటి ర్యాంపు దగ్గరికి నడిచాడు. నేను సావిడిలోంచి పార తీసుకుని వెనకాలే వెళ్ళాను.