దీపావళి దాకా ఆగని చలి

డెట్రాయిట్ వచ్చిన నాటినుంచీ నాదొక నియమం: దీపావళి వెళ్ళేదాకా ఇంట్లో హీటరు వేయరాదు. గ్యాసు బిల్లు భయమే దానికి మూలం.

ఒక అక్టోబరులో అవనిగడ్డ నుంచి అమ్మ వచ్చింది. నియమం మాత్రం మారలేదు. ఓ ఉదయం వంటింట్లోకి వెళ్తే, చెవులకు కొంగు చుట్టుకొని, కాఫీగిన్నె ఆవిరికి చేతులు కాచుకొంటోంది. గోడమీద 62 డిగ్రీల ఫారెన్‌హీట్. అంటే మన లెక్కలో సుమారు 17. బందరులో సంక్రాంతి తెల్లవారుజాముల్లో కూడా అంత చలి అరుదు.

"చెప్పొచ్చు కదమ్మా!" అన్నాను.

"బిల్లు సంగతి కోడలితో అంటుంటే విన్నాన్రా" అంది.

దివిసీమలో మా మామ్మ మంచం పక్కన కుంపటి పెట్టేటప్పుడు అమ్మ ఏనాడూ బొగ్గులు లెక్కపెట్టుకోలేదు. ఆ మాట ఆమె అనలేదు; నాకే గుర్తొచ్చింది.

ఆ క్షణమే 68కి తిప్పాను. వృద్ధులున్న ఇంట అంతకు తగ్గరాదని ఇక్కడి వైద్యులు చెబుతారు. రాత్రి ఎనిమిది గంటలపాటు ఏడెనిమిది డిగ్రీలు తగ్గిస్తే ఖర్చు కలిసివస్తుంది గాని, అమ్మ ఉండగా ఆ పొదుపు వద్దనుకొన్నాను. బదులుగా పగలు దక్షిణపు కిటికీ తెరలు తీసి ఎండను రానిచ్చి, పొద్దుగూకగానే మూసేవాళ్ళం. వీధితలుపు కింది సందులో అమ్మ తన పాత నేతచీర చుట్టి పెట్టింది. చలిగాలి ఆగింది.

వేసవికి అమ్మ వెళ్ళిపోయింది. చీర అక్కడే ఉంది. మీ ఇళ్ళలో హీటరు ఎప్పుడు వేస్తారు?